డల్లాస్ ఎన్ని గంటల దూరం?

ఆఫీసు పని మీద డల్లాస్ వెళ్లాలని ఖాయమైన మరుక్షణం చాలామంది చేసే పని ఒకటే. ఫోన్ తీసి హైదరాబాద్‌కూ డల్లాస్‌కూ దూరం ఎంతో వెతుకుతారు. జవాబు వెంటనే వస్తుంది: సుమారు 14,400 కిలోమీటర్లు. పక్కనే ప్రయాణ సమయం పద్దెనిమిది గంటలని కూడా కనిపిస్తుంది. ఆ రెండు అంకెల్ని నమ్ముకుని సెలవుల లెక్క వేసుకుంటారు, క్లయింటుకు మాట ఇస్తారు, ఆదివారం దిగి సోమవారం పొద్దున్నే మీటింగులో కూర్చుంటామని మేనేజరుకు చెప్పేస్తారు. ఆ 14,400 నిజమే. పద్దెనిమిది గంటల విమానం మాత్రం లేదు. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎక్కడా ఆగకుండా వెళ్లే సర్వీసు ఏదీ నడవడం లేదు. దూరాన్ని ఏదో ఒక సగటు వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలిపితే వచ్చిన అంకె అది.

ఉద్యోగం మీద దూర ప్రయాణం చేసేవాళ్లకు కావలసిన లెక్కలు వేరు. ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి అక్కడ గది తలుపు తీసేదాకా మొత్తం ఎన్ని గంటలు పడుతుంది? దిగేసరికి మన ఒంటికి ఎంత టైమై ఉంటుంది? బుర్ర పెట్టి పని చేయగలిగే మొదటి పూట ఏది? ఈ మూడూ తేలాకే టికెట్ కొనాలి. ఈ లెక్క ట్రావెల్ డెస్కు వెయ్యదు, మేనేజరు వెయ్యడు. ప్రయాణం చేసే మనిషే వేసుకోవాలి.

ముందు దూరం సంగతి చూద్దాం, ఎందుకంటే అందులోనే మొదటి పొరపాటు ఉంది. గోడ మీద వేలాడే ప్రపంచ పటంలో చూస్తే హైదరాబాద్ నుంచి అమెరికాకు దారి ఎడమవైపు, అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోయినట్టు అనిపిస్తుంది. ఒక గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్యా దారం బిగించి చూడండి. ఆ దారం దాదాపు నిటారుగా ఉత్తరానికి పోతుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 175 డిగ్రీలు, అంటే భూమికి ఇంచుమించు అటూ ఇటూ. అందుకే అతి దగ్గరి దారి హిమాలయాలు, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి ఐదు వందల కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. 14,400 అనేది ఆ దారం పొడవు. విమానం ఆ దారి పట్టుకుని పోదు. ఎత్తైన పర్వతాల మీద క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే పది వేల అడుగుల దాకా దిగాలి, దిగడానికి కింద చోటుండాలి. పైగా ఏ దేశం తన గగనతలంలోకి ఎవరిని రానిస్తుందన్నది ఏటేటా మారే విషయం.

దూరం ఎక్కువైతే సమయం కూడా ఎక్కువవుతుందనే నమ్మకం ఇంకో పొరపాటు. దీనికి మన దేశపు విమానమే మంచి సాక్ష్యం. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు ఎయిరిండియా 2015 డిసెంబరులో నేరుగా సర్వీసు మొదలుపెట్టింది. మొదట్లో అట్లాంటిక్ మీదుగా వెళ్లేది, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి మార్చి పసిఫిక్ మీదుగా తీసుకెళ్లారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. సమయం మాత్రం పద్నాలుగున్నర గంటలకు, అంటే అంతకుముందుకన్నా దాదాపు రెండు గంటలు తగ్గింది. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగి, రెండు గంటలు ముందు చేరడం! కారణం గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో, అంటే తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల పైన, పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహాలు వీస్తుంటాయి. చలికాలంలో వాటి జోరు గంటకు మూడు వందల కిలోమీటర్లు కూడా దాటుతుంది. ఆ గాలికి ఎదురు వెళితే ఆలస్యం, వాలు వెళితే తొందర. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలులు వీస్తున్న రోజున బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరిందంటే ఆ గాలి చలవే.

కాబట్టి వెళ్లేటప్పటి సమయాన్ని రెట్టింపు చేసి రానూపోనూ లెక్క కట్టకూడదు. దుబాయ్ నుంచి డల్లాస్‌కు ఇంచుమించు పదహారు గంటలు పడితే, తిరిగి రావడానికి పద్నాలుగున్నర గంటలు చాలు. టికెట్ మీద రాసే వేళలు గేటు నుంచి గేటుకు వేసినవి. విమానం రన్‌వే దాకా నిదానంగా నడిచే సమయమూ, దిగాక గేటు చేరే సమయమూ అందులోనే ఉంటాయి. ఇమిగ్రేషన్ క్యూ అందులో ఉండదు, సామాను బెల్టు దగ్గర నిలబడే సమయం ఉండదు.

ఇక ఆగి వెళ్లే దారులు. దుబాయ్ మీదుగా వెళితే హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి డల్లాస్ 12,900. మొత్తం పదిహేను వేల నాలుగు వందల పైచిలుకు. లండన్ మీదుగా వెళితే 7,750, తర్వాత 7,630. మొత్తం దాదాపు అంతే! రెండు దారులకూ మధ్య తేడా వంద కిలోమీటర్లు కూడా లేదు. ఇంకా చెప్పాలంటే, విమానమే నడవని నేరు దారికన్నా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. విమానానికి అది గంటా పది నిమిషాల పని. మరి ఒక టికెట్ ఇరవై మూడు గంటలు, ఇంకో టికెట్ ముప్పై ఆరు గంటలు ఎందుకవుతోంది? తేడా అంతా నేల మీద, మధ్యలో ఆగిన ఊళ్లో. ప్రయాణం పొడవును ఆకాశం కన్నా లేఓవరే నిర్ణయిస్తోందన్నమాట. ఎంచుకోవలసింది కూడా అక్కడే.

అయితే ఎంతసేపు ఆగుతామన్నది ఒక సంగతి, ఏ ముక్క ఎంత పొడవన్నది ఇంకో సంగతి. దుబాయ్, దోహా దారుల్లో మొదటి ముక్క నాలుగైదు గంటలు, రెండోది పదహారు గంటలు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల్లో రెండూ ఇంచుమించు సమానం, ఒక్కొక్కటి పది గంటల చిల్లర. విమానంలో నిద్రపట్టే అదృష్టవంతులకు పదహారు గంటల ముక్క మంచిది, ఎడతెగకుండా ఆరేడు గంటలు పడుకోవచ్చు. కూర్చుని కునుకు తీయలేనివాళ్లకు, నడుమునొప్పి ఉన్నవాళ్లకు యూరప్‌లో ఆగి కాసేపు నడిచి మళ్లీ ఎక్కే దారే మేలు. ధర ఐదారు వేలు తక్కువని తనకు పడని దారి ఎంచుకుని, దిగాక రెండు రోజులు పనికిరాకుండా పోయేవాళ్లు చాలామంది ఉన్నారు. కంపెనీ డబ్బుతో ప్రయాణిస్తున్నప్పుడు కూడా ఈ మాట అడగడానికి మొహమాటపడతారు. అడగాలి.

ఇప్పుడు అసలు లెక్క వేద్దాం. వేళలు ఉదాహరణకు రాస్తున్నవి, సీజన్‌ను బట్టి మారతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. వేసవిలో ఒక ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో విమానం బయలుదేరి, నాలుగు గంటలు ప్రయాణించి దుబాయ్‌లో దిగుతుంది. మన గడియారంలో 8 గంటలు, అక్కడ 6:30. అక్కడ మూడు గంటలు ఆగి 9:30కి రెండో విమానం. అప్పుడు మనకు 11 గంటలు. దానికి పదహారు గంటలు కలిపితే మన సోమవారం తెల్లవారుజాము 3 గంటలు. డల్లాస్‌లో అప్పుడు ఆదివారం సాయంత్రం 4:30. టికెట్ మీద చూస్తే తెల్లవారుజామున నాలుగుకు ఎక్కి అదే రోజు సాయంత్రం నాలుగున్నరకు దిగినట్టుంటుంది, పన్నెండున్నర గంటల ప్రయాణంలా. నిజంగా గడిచినవి ఇరవై మూడు గంటలు.

ఇందులో ఒకటే కిటుకు: ఆఖరిదాకా అంతా భారత కాలమానంలోనే లెక్కపెట్టాలి. చివరన మాత్రమే అక్కడి టైముకు మార్చాలి. మధ్యలో దుబాయ్ టైము, లండన్ టైము కలిపితే తప్పు తప్పదు. డల్లాస్‌కు మార్చడం కూడా తేలికే. చలికాలంలో తేడా పదకొండున్నర గంటలు. మన టైములో పగలును రాత్రి చేసి అరగంట కలపాలి. ఇక్కడ ఉదయం 8 అయితే అక్కడ ముందురోజు రాత్రి 8:30. వేసవిలో తేడా పదిన్నర గంటలు. అరగంటకు బదులు గంటన్నర కలపాలి, అంటే 9:30. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. 2007 నుంచి ఇదే పద్ధతి. బ్రిటన్‌లోనూ యూరప్‌లోనూ ఆ మార్పు మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారాల్లో. దుబాయ్‌లో, మన దేశంలో మార్పే లేదు. కాబట్టి ఆ వారాల్లో ప్రయాణం ఉంటే పాత లెక్క పనికిరాదు. డల్లాస్ టైము ప్రకారం పెట్టిన వారపు కాల్ హైదరాబాద్ వాళ్లకు ఒక్కసారిగా గంట ముందో వెనకో జరగడం కూడా అందుకే.

ఆ ఇరవై మూడు గంటలకు రెండు చివర్లూ కలపాలి. విజయవాడ నుంచి బయలుదేరే మనిషిని తీసుకోండి. ఆదివారం తెల్లవారుజామున 4 గంటల విమానానికి ఒంటి గంటకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. చాలా సంస్థలు బయలుదేరే వేళకు గంట ముందే కౌంటరు మూసేస్తాయి. రోడ్డు మీద ఐదారు గంటలు వేసుకుంటే శనివారం సాయంత్రం 7 గంటలకే ఇంట్లోంచి కదలాలి. సంక్రాంతి రోజుల్లో అయితే పంతంగి టోల్ ప్లాజా దగ్గరే గంటలు పోతాయి, ఇంకా ముందే కదలాలి. డల్లాస్‌లో దిగి, ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో గదికి చేరేసరికి ఆదివారం సాయంత్రం 7. శనివారం ఏడింటికి బయలుదేరి ఆదివారం ఏడింటికి చేరినట్టు కనిపిస్తుంది. గడియారం అబద్ధం చెప్పింది, నిజంగా అయినవి ముప్పై నాలుగున్నర గంటలు. కూకట్‌పల్లి మనిషికి అందులో నాలుగు గంటలు తగ్గుతాయి, అంతే.

అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానాల తేదీ దగ్గర మనవాళ్లు తరచు దెబ్బతింటారు. ఆదివారం 2:30 అని టికెట్ మీద ఉంటే ఇంట్లో బయలుదేరవలసింది శనివారం రాత్రి. ఆదివారం రాత్రి సూట్‌కేసులు సర్దుకుని వెళ్లి, విమానం నిన్ననే పోయిందని తెలుసుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు దొరుకుతారు. టికెట్ రాగానే ఇంట్లో క్యాలెండరు మీద ‘శనివారం రాత్రి బయలుదేరాలి’ అని రాసి పెట్టుకోండి, విమానం తేదీ కాదు.

ఒంటి గడియారం సంగతి వీటన్నిటికన్నా ముఖ్యం. ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది, ఎవరూ మాట్లాడటం లేదు. వేసవిలో డల్లాస్ సోమవారం ఉదయం 9 గంటలంటే మన ఒంటికి సోమవారం రాత్రి 7:30. పదకొండు గంటలంటే 9:30. అప్పటిదాకా మనిషి బాగానే ఉంటాడు, మాట్లాడగలడు, వాదించగలడు. అక్కడ మధ్యాహ్నం భోజనమై 2 గంటలయ్యేసరికి ఒంటికి రాత్రి పన్నెండున్నర. మూడున్నరకు తెల్లవారుజామున రెండు. ఆ సమయంలో ఏ మనిషైనా ఏం నిర్ణయం తీసుకోగలడు? కాబట్టి చేరిన మర్నాడే మీటింగు తప్పదంటే ఉదయం 9 నుంచి 11 మధ్యలో పెట్టించుకోండి. డెమో, ధరల చర్చ, ఇంటర్వ్యూ వంటివి భోజనం తర్వాత వద్దని ముందే రాసి పంపండి. ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే తలూపుతూ కూర్చున్న మనిషి వాళ్లకూ అక్కర్లేదు.

శరీరం కొత్త కాలానికి రోజుకు సుమారు గంట నుంచి గంటన్నర వరకే సర్దుకుంటుందని నిద్ర వైద్యులు చెప్పే మాట. పదిన్నర గంటల తేడాకు వారం పైనే పడుతుంది. అందువల్ల మూడు రోజుల పనికి డల్లాస్ వెళ్లేవాడు పూర్తిగా సర్దుకోవాలని ప్రయత్నించడం దండగ. పగటి వెలుగులో ఓ గంట నడవడం, మధ్యాహ్నం ఇరవై నిమిషాలకు మించి పడుకోకపోవడం, అక్కడి రాత్రి పది దాకా మెలకువగా ఉండటం, సాయంత్రం కాఫీ మానేయడం, ఇవి చాలు. నెల, రెండు నెలల పనికి వెళ్లేవాళ్లు మాత్రం మొదటి వారం బరువైన పని పెట్టుకోకూడదు. నిద్ర మాత్రల జోలికి డాక్టరును అడగకుండా పోవద్దు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, బీపీకి రోజూ ఒకే వేళకు మందు వేసుకునేవాళ్లు ఏ మోతాదు ఏ గడియారం ప్రకారం తీసుకోవాలో బయలుదేరే ముందే డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి. మందులు చేతి సంచీలోనే ఉండాలి.

కూర్చుని ఉండటం కూడా చిన్న సంగతి కాదు. నాలుగు గంటలకు పైబడి కదలకుండా ప్రయాణిస్తే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. మొత్తం మీద అది ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేదే, భయపడనక్కర్లేదు. అయినా గంటన్నరకోసారి లేచి నడవండి, పిక్కలు కదిలించండి, నీళ్లు తాగండి. గర్భిణులు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, ఇంతకుముందు గడ్డ కట్టిన చరిత్ర ఉన్నవాళ్లు డాక్టరును అడిగే బయలుదేరాలి. విమానంలో గాలి ఎడారి గాలి కన్నా పొడిగా ఉంటుంది, అందుకే గొంతు ఎండుతుంది. మద్యం పుచ్చుకుంటే ఇంకా ఎండుతుంది.

దిగిన రాత్రే కారు అద్దెకు తీసుకుని నడిపే అలవాటు ఒకటుంది. డల్లాస్‌లో దిగి మూడు గంటలు ఆస్టిన్‌కు తోలుకుని పోయేవాళ్లున్నారు. ఒంటికి అప్పుడు తెల్లవారుజాము, రోడ్డుకు కుడివైపు నడపాలి, హైవే మీద అందరూ వంద కిలోమీటర్లు దాటి పోతుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ రాత్రి ఎయిర్‌పోర్టు దగ్గరే పడుకోండి, లేదా ఇంకో విమానం ఎక్కండి. కంపెనీ ఒక రాత్రి హోటలు ఖర్చు మిగుల్చుకోవడానికి మీ ప్రాణం పందెం కాకూడదు.

టికెట్ విషయానికొస్తే ఒక్కటి గట్టిగా చెబుతాను: మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఒక టికెట్, అక్కడి నుంచి డల్లాస్‌కు ఇంకో చౌక టికెట్ కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది పోయినప్పుడు మీరు రానట్టే లెక్క, డబ్బు పోయినట్టే. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లది. కనెక్షన్ సమయం మరీ గంటంబావు ఉంటే పరుగు, పది గంటలుంటే శిక్ష. రెండున్నర నుంచి నాలుగు గంటల మధ్య సరిపోతుంది. ఢిల్లీ మీదుగా వెళ్లేవాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచును దృష్టిలో పెట్టుకుని ఇంకొంచెం ఎక్కువ ఉంచుకోవాలి.

అమెరికాలో మొదట అడుగుపెట్టిన ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ జరుగుతాయి. సామాను అక్కడ తీసుకుని మళ్లీ అప్పగించాలి. న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి డల్లాస్ విమానం ఎక్కే టికెట్‌లో ఆ మధ్య సమయం మూడు గంటలకు తగ్గితే నేనైతే కొనను. నేరుగా డల్లాస్‌లో దిగే విమానమైతే ఇమిగ్రేషన్ ఎంత ఆలస్యమైనా పోయేదేమీ లేదు. అబుదాబిలో ఒక సౌకర్యముంది: అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే, విమానం ఎక్కకముందే అయిపోతుంది. అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుల్లా బయటికి నడిచి రావచ్చు. అయితే ఆ తనిఖీకి సరిపడా సమయం అబుదాబిలోనే ఉండాలి.

యూరప్ దారి ఎంచుకునేవాళ్లు ట్రాన్సిట్ వీసా సంగతి చూసుకోవాలి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే సాధారణంగా ఇబ్బంది రాదు. చిక్కంతా అమెరికాలో ఉద్యోగం చేస్తూ పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి, స్టాంపింగ్ కోసమో ఇంట్లో పెళ్లి కోసమో ఇండియాకు వస్తున్నవాళ్లకు. చేతిలో అప్రూవల్ నోటీసు ఉన్నంత మాత్రాన యూరప్ ఎయిర్‌పోర్టులో ఒప్పుకుంటారని అనుకోకూడదు. ఆ దేశపు ఎంబసీ నిబంధన ఆ వారంలో ఎలా ఉందో చదివాకే టికెట్ కొనండి.

గగనతలం మూతపడటం ఈమధ్య తరచు చూస్తున్నాం. 2022 నుంచి రష్యా మీదుగా అమెరికా, యూరప్ సంస్థల విమానాలు వెళ్లడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసిన తర్వాత ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు కొన్ని వియన్నాలో ఇంధనం కోసం ఆగవలసి వచ్చింది. అదే ఏడాది జూన్ 23న ఖతర్ తన గగనతలాన్ని కొన్ని గంటల పాటు మూసినప్పుడు దోహాకు వెళ్లే వేల మంది దారిలో చిక్కుకున్నారు. సర్వీసులు కూడా వస్తుంటాయి, పోతుంటాయి. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా మొదలైన ఎయిరిండియా విమానం కొంతకాలానికి ఆగిపోయింది. కాబట్టి పోయినేడు వెళ్లొచ్చిన స్నేహితుడు చెప్పిన గంటలు ఈ ఏడాదికి పనికిరావు. ఉద్యోగంలో చేరే తేదీకి, వీసా ఇంటర్వ్యూకి, ప్రాజెక్టు మొదలుకి కనీసం రెండు రోజుల ముందు చేరేలా పెట్టుకోవడం ఒక్కటే దీనికి మందు.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల లెక్క వేరు. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి దుబాయ్ వెళ్లే మనిషికి ఆకాశంలో నాలుగు గంటలే. కడప, రాయచోటి నుంచి కువైట్ వెళ్లేవాళ్లకూ అంతకు కొంచెం ఎక్కువ. అయినా ఊరు వదిలి ఎయిర్‌పోర్టు చేరడానికే సగం రోజు పోతుంది, దిగాక కంపెనీ బండి కోసం ఎన్ని గంటలు కూర్చోవాలో తెలియదు. ఏజెంటు ఇచ్చే టికెట్ నేరుగా వెళ్లేదా, మధ్యలో ఆగేదా, ఏ ఎయిర్‌పోర్టులో దిగుతుందన్నది డబ్బు కట్టకముందే అడిగి రాయించుకోవాలి. పదో తరగతి పాసవని వారికి సాధారణంగా పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. అలాంటివారు గల్ఫ్ దేశాల్లో ఉద్యోగానికి ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాలి. అది లేకుండా కౌంటరు దగ్గర ఆగిపోతే నాలుగు గంటల దూరమైనా అందదు.

తిరుగు ప్రయాణాన్ని ఎవరూ పట్టించుకోరు. డల్లాస్‌లో శుక్రవారం మధ్యాహ్నం 12కు ఎక్కితే, మన టైము ఆ రాత్రి పదిన్నర. పద్నాలుగున్నర గంటలకు దుబాయ్‌లో దిగేసరికి మనకు శనివారం మధ్యాహ్నం ఒంటి గంట. రెండు గంటల్లో కనెక్షన్ దొరికితే శనివారం సాయంత్రం 6:15కి శంషాబాద్. ఆఫీసు వాళ్లు కొన్న చౌక టికెట్‌లో రాత్రి దాకా దుబాయ్‌లో కూర్చోవాలంటే చేరేది ఆదివారం తెల్లవారుజామున 2:45. ఎనిమిదిన్నర గంటలు పోయినట్టే, వారాంతం మొత్తం పోయినట్టే. ఆ సెలవు మీది, కంపెనీది కాదు. ఇక సోమవారం ఉదయం 9 గంటలంటే ఒంటికి డల్లాస్ రాత్రి పదిన్నర, నిద్రపోయే వేళ. మధ్యాహ్నమంతా అర్ధరాత్రే. సాయంత్రం ఐదున్నరకు ఒంటికి తెల్లవారి 7 అవుతుంది, అప్పుడు మనిషి తేరుకుంటాడు. కాబట్టి తిరిగొచ్చిన మర్నాడు సెలవు అడగండి. ఇవ్వకపోతే ఇంటి నుంచి సాయంత్రం షిఫ్టు చేస్తానని అడగండి. స్కూటరు మీద ఆఫీసుకు మాత్రం ఆ రోజు వెళ్లకండి.

డల్లాస్‌ను ఉదాహరణగా తీసుకున్నా, ఈ లెక్క మెల్‌బోర్న్‌కైనా టొరంటోకైనా ఒకటే. మీకు వచ్చే తర్వాతి ప్రయాణానికి ‘సరే’ అనే ముందు ఒక చిన్న మెయిల్ రాయండి. ఇంటి నుంచి గదికి మొత్తం గంటలు, దిగే సమయం భారత కాలమానంలో ఎంత, పని చేయగలిగే మొదటి పూట, తిరిగొచ్చాక కావలసిన ఒక రోజు విశ్రాంతి. నాలుగు వాక్యాలు చాలు. టికెట్ కొన్నాక కాదు, కొనకముందే అది మేనేజరుకు పంపండి.